కిటికీ ముందు జాగా

ఆ పొద్దున ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. తూర్పు పక్క కాస్త తెల్లబడింది గానీ, నడినెత్తిన మబ్బు కదలకుండా కూర్చుంది. అలిగిన అల్లుడి మబ్బు అంటారు దాన్ని. లోపలికీ రాడు, వెళ్ళిపోనూ పోడు.

వడ్రంగి కిటికీ రెక్కలు తెరిచి, అక్క కుర్చీని అక్కడికి జరిపాడు. కుర్చీ అతను చేసిందే. అక్క కుడివైపుకి ఒరిగిపోతుంది కాబట్టి ఆ పక్క చెయ్యి ఎత్తుగా పెట్టాడు. చూసేవాళ్ళకి కుర్చీ వంకర. కూర్చున్న మనిషి మాత్రం నిటారు.

"ఉంది, ఎక్కడికీ పోలేదు," అంది అక్క, ఎదురుగా ఉన్న ఖాళీ జాగాని చూస్తూ. "రాత్రికి రాత్రి ఎవరైనా ఎత్తుకుపోతారేమో, కాస్త సందడైనా ఉంటుందనుకున్నా."

వడ్రంగి నవ్వాడు. అతని నవ్వుకి చప్పుడుండదు.

వాళ్ళ ఇల్లు వీధి చివర. వీధి అక్కడితో ఆగిపోతుంది. దారిన పోయేవాళ్ళు ఉండాలంటే దారి ఎక్కడికో పోవాలి కదా. ఇంటికి ఎదురుగా మున్సిపాలిటీ జాగా ఒకటి, ముళ్ళకంపా పగిలిన కుండీలూ గడ్డకట్టిన సిమెంటు బస్తాలతో పడుంది. అందులోనే ఒక మూల ఇస్త్రీ బండి ఆమె తాళ్ళు కట్టి, లాడ్జి దుప్పట్లు ఆరేస్తుంది. ఆమె కూడా దుప్పట్లు ఆరేసి బండి దగ్గరికి పోతుంది, ఆరాక తీసుకుపోతుంది.

అక్క సిటీ బస్సులో కండక్టరుగా పనిచేసింది. నడుం దగ్గర నరం పాడై కాళ్ళు మాట వినడం మానేసేదాకా, పొద్దున్నించి సాయంత్రం దాకా మనుషుల మధ్యే బతికింది. చెయ్యి చాచే తీరు చూసి, వీడు టిక్కెట్టు తీసుకునేవాడా, తలుపు దగ్గర జారుకునేవాడా చెప్పేసేది. ఇప్పుడు సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చేసరికి ఆమె దగ్గర ఉండే కబురు ఇంతే.

"కుంటి కుక్క వచ్చింది. కాసేపు కూర్చుంది. దానికీ ఇక్కడ తోచలేదు, వెళ్ళిపోయింది."

ఒక్కోరోజు ఇంకో మాట కూడా అనేది. "అంతమంది నన్ను తోసుకుంటూ పోయేవాళ్ళురా. విసుక్కునేదాన్ని. ఇప్పుడు ఒక్కడు వచ్చి తోస్తే బాగుండును."

దానికి వడ్రంగి ఏమీ అనేవాడు కాదు. లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించేవాడు. అతనికి మాటలు రాక కాదు. మాట తయారై నోటి దాకా వచ్చేలోపు అవతలివాళ్ళు వేరే సంగతిలోకి పోతారు. తలుపుల షాపులో అతన్ని మౌనస్వామి అంటారు. "మంత్రసాని వీపు మీద కొట్టినా ఏడవలేదురా నువ్వు. అమ్మ పక్కన పడుకున్న నేనే భయపడి ఏడ్చాను," అని అక్క ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ మబ్బు పట్టిన పొద్దునే షాపుకి వార్డు మెంబరమ్మ వచ్చింది. తన ఆఫీసు తలుపు వానకి ఉబ్బి పట్టేస్తోందని చెప్పడానికి వచ్చి, అందరికీ వినపడేలా ఇంకో సంగతీ చెప్పింది. పేటల్లో కొత్త పార్కులకి మున్సిపాలిటీ జాగాలు చూస్తోంది. పిల్లలాడుకోడానికి ఉయ్యాలలు, పెద్దవాళ్ళు నడవడానికి దారి, కూర్చోడానికి బల్లలు.

"మన మౌనస్వామి ఇంటి ముందరిది కూడా లెక్కలో ఉంది," అంది. "కమిటీ వచ్చి చూస్తుంది. చూసి సభలో పెడతారు."

వడ్రంగి చిత్రిక పట్టడం ఆపాడు. "ఇప్పించండమ్మా," అన్నాడు.

షాపులో మిగతా చిత్రికలు కూడా ఆగాయి. అతను ఎవరినైనా ఏదైనా అడగడం అక్కడెవరూ చూడలేదు. షాపు యజమాని, "తల్లీ, ఇప్పించండి. మళ్ళీ నోరు తెరవడానికి ఇంకో జన్మెత్తాలి," అన్నాడు. మెంబరమ్మ నవ్వి, "చూద్దాం, నా చేతిలో ఏముంది," అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అక్కకి చెప్పాడు. ఆమె కిటికీలోంచి జాగాని ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసింది. తరవాత మొదలుపెట్టింది. ఉయ్యాలలు ఎటు పెడతారు, దారి కిటికీ పక్క నుంచి పోతుందా, బల్ల మీద కూర్చున్నవాళ్ళు ఇటు తిరిగి కూర్చుంటారా అటా. "ముసలాళ్ళు పొద్దున్నే వస్తారు. వాళ్ళకి నిద్ర పట్టదు. పది దాటాక పసిపిల్లల తల్లులు. సాయంత్రం బడి పిల్లలు. చీకటి పడ్డాక, సరే, ప్రేమికులు. వాళ్ళని మాత్రం చూడనట్టు ఉంటాలే." మనుషులింకా రాకముందే ఆమె వాళ్ళని సీట్లలో సర్దేస్తోంది.

దుప్పట్లు తీయడానికి వచ్చిన ఇస్త్రీ ఆమె కిటికీ కింద నిలబడి ఇదంతా విన్నది.

"పార్కా! మరి నా దుప్పట్లు ఎక్కడ ఆరెయ్యను అన్నయ్యా, నీ నెత్తిమీదా?"

వడ్రంగి తల దించుకున్నాడు.

"వాడి నెత్తి చాలదు, ఒక దిండు గలీబు పడుతుందేమో," అంది అక్క. "ఇలా రా. ఒక మూల వదిలిపెట్టమని అడుగుతాం. వీడు నీకు మంచి గుంజలు చేసి పాతుతాడు. ఈ వంకర కర్రల మీద ఎన్నాళ్ళు కడతావు?"

"మున్సిపాలిటీవాళ్ళు మూల వదిలిపెట్టినట్టే. వాళ్ళు మూలలే ముందు మింగుతారు వదినా."

వడ్రంగికి పెళ్ళి లేదు, ఇస్త్రీ ఆమెకి ఈ ఇంటితో చుట్టరికమూ లేదు. అయినా అతన్ని అన్నయ్య అనేది, అక్కని వదిన అనేది. ఆ లెక్క ఎలా కుదిరిందని అక్క ఒకసారి అడిగితే, "ఏదో ఒకటి అనాలి కదా, పేరు పెట్టి పిలిస్తే బాగోదు," అంది.

చివరికి ఇస్త్రీ ఆమే అంది. "నీ మొహం చూసి ఒప్పుకుంటున్నా. కమిటీ వచ్చే రోజుకి తాళ్ళు తీసేస్తాను. నా గుంజలు మాత్రం మర్చిపోకు అన్నయ్యా, నువ్వసలే మాట్లాడవు."

అక్క అక్కడితో ఊరుకోలేదు. "తాళ్ళు తీస్తే సరిపోతుందా? పెద్దమనుషులు వస్తున్నారు. ఆ కంపలో అడుగు పెడతారా? చీ అని వెళ్ళిపోతారు."

అది నిజమే అనిపించింది వడ్రంగికి. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే వాకిలి ఊడుస్తాం. అది ఎవరూ నేర్పాల్సిన పని కాదు. ఎవరూ ఆలోచించాల్సిన పని కూడా కాదు.

షాపు నుంచి వచ్చాక రోజూ కత్తి పట్టుకుని జాగాలోకి దిగాడు. కంప నరికాడు. వేళ్ళు గునపంతో పెకలించాడు. గట్టిపడ్డ సిమెంటు బస్తాలు ఒక్కడికీ లేవలేదు. సెలవు రోజున ఇస్త్రీ ఆమె వచ్చి రెండో కొస పట్టుకుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకో," అని తనని తానే తిట్టుకుంటూ సాయంత్రం దాకా మోసింది. గుంతలు పూడ్చి, మట్టి మీద దిమ్మిసాతో దభీదభీమని కొట్టారు. కిటికీలోంచి అక్క పని చెప్పేది. "ఎడం పక్క ఎత్తుగా ఉంది. ఇంకొంచెం. ఆఁ, చాలు. రైట్ రైట్!"

ఆ రోజులు అక్కకి బాగా గడిచాయి. ఎదురుగా ఇద్దరు మనుషులు ఉన్నారు మరి.

అంతా అయ్యాక జాగా అరచెయ్యిలా ఉంది. దువ్వెన పడినా దూరం నుంచి కనిపించేలా ఉంది.

కమిటీ వచ్చింది. మెంబరమ్మ, గొడుగు పట్టుకున్న ఒక పెద్దాయన, తోలుసంచీ తగిలించుకున్న ఇంజనీరు. మెంబరమ్మ చుట్టూ చూసి, "ఇది అదేనా? నేను ఇంకేదో జాగాకి వచ్చాననుకున్నా. ఎవరు చేశారు ఇదంతా?" అంది. వడ్రంగి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

"పొదలూ చెత్తా ఉంటాయన్నారే," అన్నాడు గొడుగాయన.

"ఇప్పుడేమీ లేవు కదండీ," అన్నాడు ఇంజనీరు. బూటు మడమతో నేల మీద గట్టిగా తన్ని చూశాడు. మళ్ళీ ఇంకోచోట తన్నాడు. "భలే గట్టిగా ఉంది," అన్నాడు మెచ్చుకోలుగా.

అక్క కిటికీలోంచి చెయ్యూపింది. ఇంజనీరు కూడా చెయ్యూపాడు. "మంచివాడురా. చెయ్యి పూర్తిగా పైకెత్తాడు. మొహమాటానికైతే మోచెయ్యి దాకానే లేస్తుంది," అంది ఆ రాత్రి అన్నం దగ్గర. మర్నాడు కూడా అంది.

సభ జరిగే రోజున వడ్రంగి ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాడు. పెద్ద హాలు. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి కింది దాకా రావడం లేదు. మెంబర్లు గుర్రపు లాడంలా వేసిన బల్లల వెనక కూర్చున్నారు. జనానికి వెనక బెంచీలు. వడ్రంగి కూర్చున్న బెంచీకి ఒక కాలు పొట్టిగా ఉంది, అతను కదిలినప్పుడల్లా టక్కుమంది. అందుకని కదలకుండా కూర్చున్నాడు. పక్కన ఎవరూ లేరు.

పార్కుల సంగతి వచ్చింది. గొడుగాయన లేచాడు. ఇవాళ గొడుగు లేదు గానీ ఆయనే. ఏ జాగాలు ఎందుకు ఎంచారో చెప్పాడు. డబ్బు అన్నిటికీ చాలదు, కాబట్టి పాడుబడిపోయినవాటికి ముందు. చెత్త పోసేవి, పాములు తిరిగేవి, ఆడపిల్లలు పక్కనించి పోవడానికి భయపడేవి. అలాంటివి బాగుచేస్తేనే పేటకి మేలు. ఒక్కొక్కటీ చదువుతుంటే వడ్రంగి తన వీధి కోసం విన్నాడు. రాలేదు.

తరవాత వచ్చింది. "వీధి చివరి జాగా. శుభ్రంగా, చదునుగా, ఎవరి ఆక్రమణా లేకుండా ఉంది. పార్కు అవసరం అంతగా కనపడలేదు. కరెంటు సబ్‌స్టేషన్‌కి ఇలాంటి జాగా కోసమే చూస్తున్నాం. వెంటనే పని మొదలుపెట్టొచ్చు."

మెంబరమ్మ లేచింది. "ఆ వీధివాళ్ళు పార్కు అడిగారండీ."

"మీ వార్డులో ఇంకో జాగాకి పార్కు ఇస్తున్నాం కదమ్మా, ఆ చెత్తకుప్పల జాగాకి. ఒక వార్డుకి రెండు పార్కులా?"

ఆమె ఒక్క క్షణం నిలబడి, వెనక బెంచీల వైపు చూసింది. కూర్చుంది.

"జనంలో ఎవరైనా మాట్లాడతారా?" అన్నాడు చైర్మన్, కాగితం తిప్పుతూనే.

వడ్రంగి లేచాడు. బెంచీ టక్కుమంది. అందరూ తిరిగి చూశారు. గొడుగాయన మాట విన్నప్పటినుంచీ అతను మాటలు కూర్చుకుంటున్నాడు. జాగా ఎవరు శుభ్రం చేశారో, అంతకుముందు ఎలా ఉండేదో, కావాలంటే ఆ కంపంతా మళ్ళీ తెచ్చి వేస్తానని, అన్నీ లోపల వరసగా ఉన్నాయి. నోటి దాకా వచ్చింది మాత్రం ఇది.

"మా అక్క కిటికీ అక్కడే ఉందండి."

ఎవరో నవ్వారు. చెడ్డ నవ్వు కాదు. చైర్మన్ ఇంజనీరు వైపు తిరిగాడు. ఇంజనీరు మర్యాదగా, "గాలికి ఇబ్బంది ఉండదండి. ప్రహరీ ఆరడుగులే," అన్నాడు.

"సరేనా?" అన్నాడు చైర్మన్.

వడ్రంగి ఇంకో మాట కోసం వెతుకుతున్నాడు. అప్పటికే తరవాతి సంగతి మొదలైంది, మురుగు కాలవలది. అతను కాసేపు అలాగే నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు. తనే బయటికి నడిచాడు.

ఇంటికి బస్సెక్కకుండా నడిచే వచ్చాడు. అక్క వాకిలి మెట్ల మీద అడుగు వినే కనిపెట్టింది.

"ఇవ్వలేదా?"

"లేదు."

"పోనీలే. ఇలాగే ఉంటుంది, అంతేగా. నీట్‌గా ఉంది ఇప్పుడు, పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వచ్చి బంతాట ఆడుకుంటారు."

ఇది చెప్పకుండా ఉండగలిగితే బాగుండునని వడ్రంగికి అనిపించింది. మాట్లాడకుండా ఉండటం అతనికి ఎప్పుడూ కష్టం కాలేదు. ఆ పూట కష్టమైంది.

"సబ్‌స్టేషన్ కడతారంట. చుట్టూ గోడ."

"ఎంత ఎత్తు?"

"ఆరడుగులు."

అక్క కిటికీ గడప మీద చెయ్యి పెట్టి చూసుకుంది. కూర్చున్న తన కంటి ఎత్తు ఆమెకి తెలుసు. గోడ తప్ప ఇంకేమీ కనపడదని లెక్క తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఎందుకిచ్చారు దానికి?" అంది.

"చదునుగా ఉందని."

ఆమె గడప మీంచి చెయ్యి తీసేసింది. దిమ్మిసా కొడుతుంటే ఎడం పక్క ఎత్తుగా ఉందని చెప్పింది తనే.

వడ్రంగి వంట మొదలుపెట్టాడు. అన్నం వార్చి, కూర పొయ్యి మీద పెట్టేసరికి వాకిట్లో దబదబా అడుగులు. ఇస్త్రీ ఆమె. కబురు బండి దగ్గరికి ముందే చేరింది.

"ఏం అన్నయ్యా! పార్కూ పోయె, నా తాళ్ళూ పోయె! అంత కంపా నరికి, అంత మట్టీ మోసి, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు చేసి కరెంటోళ్ళ చేతిలో పెట్టొచ్చావు! నోరు తెరిచి ఆ ఒక్కమాట చెప్పలేకపోయావా? నన్ను తీసుకుపోయుంటే..."

గదిలోకి రెండడుగులు వేసి ఆగిపోయింది. అక్క కిటికీ వైపు లేదు. కుర్చీని తనే ఎలాగో గోడ పట్టుకుని తిప్పుకుంది. ఇటు, గది లోపలికి తిరిగి కూర్చుంది. ఒళ్ళో చేతులు పెట్టుకుంది. ఆ చేతులు ఊరికే ఉండటం ఇస్త్రీ ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆమె నోట్లో మిగతా తిట్లు అక్కడే ఉండిపోయాయి. చెంగు నడుముకి దోపుకుంది. మళ్ళీ తీసేసింది.

"తిన్నావా?" అంది అక్క.

"లేదు వదినా."

"కూర్చో."

వడ్రంగి ఇంకో కంచం తీశాడు. ఇంట్లో రెండే మంచివి ఉన్నాయి. సొట్టపడ్డది తను పెట్టుకున్నాడు. అక్క కుర్చీ చుట్టూ ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. అక్క కంచం ఆమె ఒళ్ళో పెట్టాడు. వడ్డించాడు.

అన్నం దగ్గర అక్క ఎప్పుడూ ఊరుకునేది కాదు. బస్సులో ఎవరు ఎక్కారో, ఏం అబద్ధం చెప్పి దిగారో, విన్న సంగతులే మళ్ళీ చెప్పేది. ఆ పూట చెప్పలేదు. కలుపుకుని తింది. ఇస్త్రీ ఆమె తల వంచుకుని తింటోంది. కూరలో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ అనలేదు. ఉప్పు ఎక్కువైన సంగతి మొదటి ముద్దకే వడ్రంగికి తెలిసింది. ఇంకాస్త అన్నం తెచ్చి ముందు అక్కకి పెట్టాడు. చాలని ఆమె చెయ్యి అడ్డం పెట్టలేదు. తరవాత ఇస్త్రీ ఆమెకి పెట్టాడు. ఆమె కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు.

ముగ్గురూ తిన్నారు. కంచాల్లో వేళ్ళ చప్పుడు ఒక్కటే ఉంది.