తమ్ముడి కోసం సారా సీసా

గుడి గంట మోగింది. పండగ మోత కాదది. ఎవడో తాడుకి వేలాడి పిచ్చెక్కినట్టు పీకుతున్న మోత. యోలన్‌విత్స్‌లో ఆ మోత వింటే ఆడవాళ్ళు పెనం మీది రొట్టె పెనం మీదే వదిలేస్తారు, మగవాళ్ళు చేతికందిన కర్ర పట్టుకుంటారు. ఎందుకని ఎవడూ అడగడు. ముందు పరిగెత్తాలి, తర్వాత తెలుసుకోవాలి. మాయా తెగవాళ్ళ ఆ కొండ ఊరి బలమూ అదే, రోగమూ అదే.

లోష వాకిట్లో మగ్గం ముందు కూర్చుని ఉంది. మగ్గం ఒక కొస గుంజకి, ఇంకో కొస ఆమె నడుముకి. తమ్ముడు పెతుల్ ఆ రోజు నలుగురు విదేశీయులకి గుడి చూపించి, తర్వాత నేత చూడ్డానికి ఆమె దగ్గరికే తీసుకురావాలి. వాళ్ళకి పెట్టడానికి గుమ్మడిగింజల పొడి, రొట్టెలు, రుచి చూపించడానికి ఒక సీసా పోష్ అనే నాటు సారా సిద్ధం చేసి ఉంచింది. వాళ్ళు రాలేదు. పక్కింటి పిల్ల రొప్పుతూ వచ్చింది.

"లోషక్కా! పెతుల్ మావని బంతాట మైదానంలో స్తంభానికి కట్టేశారు! చంపేస్తారంట!"

"ఏం చేశాడే?"

"కతల్ పిల్ల పోయింది. గుళ్ళో. ఆ తెల్లోడు మెరుపు మెరిపించాడు, పిల్ల కళ్ళు తేలేసింది."

అర్థమైపోయింది. కతల్ కూతురికి అయిదేళ్ళు, నాలుగు రోజులుగా వాంతులు. బెదిరి పారిపోయిన ప్రాణాన్ని పేరు పెట్టి వెనక్కి పిలిచే పూజ చేయిస్తోంది గుళ్ళో. పైన్ ఆకులు పరిచిన నేల మీద కొవ్వొత్తులు, కోడి, మంత్రగత్తె. ఆ పూజ మధ్యలో కెమెరా మెరిపించడమంటే, గడప దాకా వచ్చిన ప్రాణాన్ని తన్ని తగిలేసినట్టు.

"మరి ఆ తెల్లోళ్ళు?"

"బండెక్కి పోయారు. మావ తలుపు పట్టుకుని వేలాడాడు. డ్రైవరు తలుపు తీయలేదు."

పట్నం బండి పట్నం వాళ్ళని తీసుకుపోయింది. ఊరివాణ్ణి ఊరికి వదిలేసింది. పట్నంలో గోడల నిండా టూరు బొమ్మలు అంటిస్తారు చూడండి, "ఒక్క రోజులో మాయా జనం" అని, ఆ ఒక్క రోజు ఇట్లా అయిపోతుంది. లోష నడుము పట్టీ తెంపుకుని లేచింది. సీసా చంకలో పెట్టుకుంది. చిన్న గిన్నె ఒకటి నడికట్టులో దోపుకుంది. పరిగెత్తింది.

ఆ కొండల్లో తప్పు చేసినవాడి తరఫువాళ్ళు సారా తెచ్చి మోకాళ్ళ మీద పడాలి. దెబ్బ తిన్నవాళ్ళు గిన్నె అందుకుంటే తగువు చచ్చినట్టే. ఆ తర్వాత పెద్దల నుంచి పిన్నల దాకా వరసలో తాగాలి. తాగినవాడు ఆ తగువులో మళ్ళీ చెయ్యెత్తకూడదు. ఎత్తాడా, వాడి మొక్కజొన్న చేలో ఎవడూ చెయ్యి వేయడు, వాడి శవానికి ఎవడూ భుజం పట్టడు. కానీ బిడ్డ శవం ఒళ్ళో పెట్టుకున్న తల్లి గిన్నె అందుకుందని ఇప్పటిదాకా ఎవరూ వినలేదు.

మైదానంలో మూడు వందల మంది ఉన్నారు. పెతుల్‌ని పశువుల తాడుతో స్తంభానికి కట్టారు. ఒక కన్ను మూసుకుపోయింది. చెవి సగం ఊడి వేలాడుతోంది. మన్వేల్ అనే కుర్రాడు చెమటలు కక్కుతూ వంటచెరకు దుంగతో కొడుతున్నాడు. మన్వేల్ మరియానో మనిషి. మరియానో అంటే ఊరి పెద్ద. గుడి టిక్కెట్టు గుడిసె వాడిదే, సారా కొట్టు వాడిదే, కూల్‌డ్రింకు రంగునీళ్ళ డిపో వాడిదే. ఊరి కచేరీ మెట్ల మీద నిలబడి గొంతు చించుకుంటున్నాడు.

"మన దేవుళ్ళని అమ్మేశాడు వీడు! మన పిల్ల ప్రాణాన్ని తెల్లోడి డబ్బాలో పెట్టి పంపేశాడు!"

పెతుల్ నెత్తురు ఉమ్మాడు. "చీటీ... కెమెరా చీటీ నువ్విచ్చావు తాతా... నీ సీలు ఉంది..."

మన్వేల్ దుంగ పక్కటెముకల మీద పడింది. ఎండు కట్టె విరిగిన చప్పుడైంది. 

లోషకి తమ్ముడి తప్పేమిటో ఇప్పుడు తెలిసింది. వాడు కెమెరాకి చెయ్యి అడ్డం పెట్టి ఉంటాడు, ఆ తెల్లోడు మరియానో ఇచ్చిన చీటీ చూపించి ఉంటాడు. సీలు కనబడగానే చెయ్యి దించేశాడు. నాలుగు తరగతులు చదివినవాడి రోగం ఇది. దేవుడికి భయపడడు, కాగితానికి భయపడతాడు!

ఎవడో పెట్రోలు డబ్బా తెచ్చాడు. మన్వేల్ మూత తీసి పెతుల్ తల మీద గుమ్మరించాడు. ఊడిన చెవి మంటకి పెతుల్ గొడ్డులా అరిచాడు. జనం రెండడుగులు వెనక్కి జరిగారు. మంట ఎంత దూరం ఎగురుతుందో వాళ్ళకి తెలుసు.

లోష స్తంభం వైపు పోలేదు. పోతే ఆమె మీదా పోసేవాళ్ళు. గుడి మెట్ల మీద కతల్ కూర్చుని ఉంది, శాలువాలో చుట్టిన పిల్ల ఒళ్ళో. లోష రాళ్ళ మీద మోకాళ్ళు పగిలేలా పడింది. గిన్నె నింపి రెండు చేతులా పట్టుకుంది.

"కతల్, చెల్లీ. నా తమ్ముడి తప్పు నా తల మీద."

కతల్ చూడలేదు. "మెరిపించింది మీవాడా?"

"కాదు. ఆపబోయి ఆగిపోయాడు."

"ఎందుకు ఆగాడు?"

"కాగితం చూసి. వెధవ. ఆగడమే తప్పు, నేను కాదనను. మొహం మీద ఉమ్ము కావాలంటే. కానీ గిన్నె అందుకో."

"నా పిల్లని ఒళ్ళో పెట్టుకుని సారా తాగమంటావా అక్కా?"

"అవును. అంతకన్నా సిగ్గుమాలిన మాట నా నోట ఇంకెప్పుడూ రాదు. అయినా అడుగుతున్నా. వాడు కాలిపోతాడే!"

కతల్ అప్పుడు తలెత్తింది. కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. స్తంభం వైపు కాదు, కచేరీ మెట్ల వైపు చూసింది.

"వాంతులు మొదలైన రోజు ఆ మరియానో గుమ్మం ముందు కూర్చున్నా. ఊరి బండి ఇయ్యి, పట్నం ఆసుపత్రికి తీసుకుపోతా అని. రోగుల కోసమని టిక్కెట్టు డబ్బులతో కొన్న బండే కదా అది. సారా పెట్టెలు దించాలి, రేపు రా అన్నాడు. రేపు వెళ్ళా. మళ్ళీ రేపన్నాడు. అట్లా మూడు రోజులు." గిన్నె లాక్కుంది. "బెదిరిన ప్రాణం వెనక్కి వచ్చేది అక్కా. ఒళ్ళు ఉంటే కదా రావడానికి."

ఒక్క గుక్కలో తాగింది. దగ్గింది. పిల్లని భుజాన వేసుకుని లేచింది.

జనం చీలి దారి ఇచ్చారు. లోష ముందు, కతల్ వెనక. మొదట పెద్దరికపు దండం పట్టుకున్న ముసలాయన దగ్గర ఆగారు. ఆయన కతల్ మొహం చూశాడు, ఆమె మూతి తడి చూశాడు. గిన్నె అందుకున్నాడు. "తాగుతున్నానమ్మా."

"తాగు తాతా."

రెండోవాడు తాగాడు. మూడోవాడు తాగాడు. రాళ్ళు పట్టుకున్న చేతులు రాళ్ళు వదిలితే కదా గిన్నె పట్టేది. టపటపా రాళ్ళు నేల పడ్డాయి. లోష మన్వేల్ ముందుకి వచ్చింది. వాడి చేతిలో అగ్గిపెట్టె ఉంది.

"తాగు."

వాడు మెట్ల మీదికి చూశాడు.

"యజమాని మొహం తర్వాత చూద్దువుగాని లేరా. ముందు నోరు తెరువు. లేకపోతే పాలసీసా తెమ్మంటావా?"

ఎవడో కిసుక్కుమన్నాడు. మన్వేల్ చెవులు ఎర్రబడ్డాయి. అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని తాగాడు.

మరియానో మెట్లు దిగి వచ్చాడు. "ఒక సీసాకి అమ్ముడుపోయార్రా? పిల్ల శవం చల్లారకముందే తల్లి తాగింది! ఛీ!"

"నేను తాగింది వాడి తప్పుకి," అంది కతల్. గొంతు పెద్దది చేయలేదు. అయినా మైదానం మొత్తం విన్నది. "నీ బండి తప్పుకి ఎవరు సారా తెస్తారు మరియానో? నీ చీటీ తప్పుకి?"

"నోర్ముయ్!"

"నీ వంతు వచ్చింది తాతా," అని లోష గిన్నె చాచింది. "తాగు. తాగి తాడు విప్పు."

మరియానో ఆ చేతిని కొట్టాడు. గిన్నె ఎగిరి రాళ్ళ మీద పడి దొర్లింది.

ఏళ్ళ తరబడి ఊరు వాణ్ణి భరించింది. టిక్కెట్లు భరించింది, బండి భరించింది, కొడుకుల్ని తాగుబోతుల్ని చేస్తే భరించింది. తల్లి తాగిన గిన్నెని వాడు నేలపాలు చేస్తే భరించలేకపోయింది. న్యాయం తెలియడానికి ఈ జనానికి ఎంత చిన్న గిన్నె కావాలో చూడండి! మొదటి రాయి ఒక ముసలమ్మ వేసింది. మరియానో నుదురు చీలింది. రెండోది నోటి మీద పడింది. వాడు మెట్ల వైపు పరిగెత్తబోయాడు, ఎవడో కాలు అడ్డం పెట్టాడు. పడ్డాక ఇక మనిషి కనబడలేదు. లేచి పడుతున్న కర్రలే కనబడ్డాయి.

"లోషా! సారా పొయ్యి, తాగుతాను! పొయ్యవే!" కర్రల కింది నుంచి మరియానో గొంతు.

సీసాలో ఇంకా నాలుగు గుక్కలు ఉన్నాయి. లోష కతల్ వైపు చూసింది. ఆ గిన్నె ఇవ్వడం లోష చేతిలో లేదు. కతల్ సీసా తీసుకుని, బిరడాగా పెట్టే మొక్కజొన్న బెండుని అరచేత్తో గట్టిగా దిగ్గొట్టింది. పిల్లని సర్దుకుని ఇంటి దారి పట్టింది.

లోష పళ్ళతో, గోళ్ళతో తాడు విప్పింది. పెతుల్ ఆమె మీద కూలబడ్డాడు. పెట్రోలు కంపు కొడుతున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా లోపల ఏదో గుచ్చుకుంటోంది. తారు రోడ్డు దాకా కొండ దిగాలి. మోయడానికి వీపు మీదికి లాక్కోబోయింది, బలం చాల్లేదు.

మన్వేల్ వచ్చి ముందు వంగి కూర్చున్నాడు. నుదుటికి కట్టెలు మోసే పట్టీ తగిలించుకున్నాడు.

"నువ్వా?"

"తాగాను కదక్కా."

"పక్కటెముకలు విరగ్గొట్టింది నువ్వేగా!"

"నేనే. ఎడమ వైపు. అందుకే కుడి వైపు ఆన్చి కూర్చోబెట్టు."

ఆమెకి వాణ్ణి అక్కడే చంపాలనిపించింది. తమ్ముణ్ణి కుడి వైపు ఆన్చి కూర్చోబెట్టింది.

మంచులో కొండ దిగుతున్నారు. వెనక మరియానో అరుపు వినబడుతూనే ఉంది, పేర్లు పిలుస్తున్నాడు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. మలుపు దగ్గర ఆ అరుపు టక్కున ఆగింది. మన్వేల్ కూడా ఆగాడు. మెడ తిప్పబోయాడు.

లోష వాడి జబ్బ మీద గుద్దింది.

"నడువు. ఊపిరి ఉన్నోడు నీ వీపు మీద ఉన్నాడు."