సూది రోజు

చచ్చిపోయినా అక్క నోరు మూతపడలేదు. కంపెనీ ఆసుపత్రి వెనక, చీపుళ్లూ బకెట్లూ పెట్టే వరండాలో పడేశారు. పెదాల నిండా పుళ్లు, నాలుక మీద తెల్లటి పాచి. చెల్లెలు కొంగుతో తుడుస్తుంటే డాక్టరు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"జబ్బు ముదిరిందమ్మా. మందు తప్పేం లేదు."

"నెత్తురు చూశాకే ఆ సూది వెయ్యాలంట గదయ్యా, నర్సమ్మ చెప్పింది. చూశారా?"

"వచ్చినప్పుడల్లా అడిగాను, ఏమైనా బాధగా ఉందా అని. ఏం లేదంది. పక్కనున్న మీరూ అదే అన్నారు."

చెల్లెలి చెయ్యి ఆగిపోయింది. అది నిజమే.

వాళ్లది తోళ్ల కార్ఖానా. సున్నపు తొట్లలో నానిన తోలు పైకి లాగి, దిమ్మ మీద పరిచి, వెంట్రుక గీకే పని. కీళ్లు వాచిన ఆడవాళ్లకి డాక్టరు వారానికోసారి షెడ్డులోకే వచ్చి సూది పొడిచేవాడు. చాలా ఘాటైన మందు. నెత్తురు పరీక్షకి పంపితే పూట పని పోతుందని మేనేజరు పంపనిచ్చేవాడు కాదు, డాక్టరు అడిగేవాడూ కాదు.

ఆ షెడ్డులో ఒక అలవాటుంది. ఒకామెకి ఒంట్లో బాగోకపోతే పక్కామె ఆమె వంతు తోలు తన దిమ్మ మీదికి లాగేసుకుంటుంది. జబ్బు సంగతి మేస్త్రీ కంటపడితే గేటు బయటికే మరి. అక్క కక్కుకుంటే నీళ్లు కొట్టి కడిగేశారు. గుటక దిగని రోజున కూడా, "దానికేం డాక్టరుగారూ, గుండ్రాయిలా ఉంది" అన్నారు. ప్రేమకొద్దీ అన్నారు.

చెల్లెలిది ఏ రోజుకారోజు కూలి. మేనేజరు పక్కకి పిలిచాడు. "పాత జబ్బేనని నలుగురి ముందు ఒక్క మాట చెప్పు. మీ అక్క పని నీకు పర్మినెంటు చేస్తా." సూది రోజున షెడ్డులో చెప్పమన్నాడు; ఆమె అక్క దగ్గరికి నడిచింది.

మట్టి చేసి వచ్చాక అందరూ అక్క వాకిట్లో కూలబడ్డారు.

"మీరే చంపారు," అన్నాడు బావ. "అందరూ కలిసి దాచిపెట్టి చంపారు."

మైకు పిన్ని లేచింది. షెడ్డు ఈ కొసన మాట్లాడితే ఆ కొసన వినపడుతుందని ఆ పేరు.

"దాచాం బాబూ. ఎవడికి భయపడి దాచాం? జబ్బంటే గేటు బయటికి తోసేదెవడు? నెత్తురు చూడాల్సినోడు మొహాలు చూసి పోతాడా? చుట్టపుచూపుకొచ్చాడా వాడు?"

ఒకామె నవ్వబోయి పెదవి కొరుక్కుంది. పిన్ని గొంతు ఎన్నడూ లేనంత తగ్గింది.

"నాకూ అదే సూది. నోరు మండుతోంది. మీక్కూడా చెప్పలేదు."

చెల్లెలు దీపం దగ్గరికి తెచ్చింది. "నోరు తెరువు పిన్నీ." చూసింది. అక్క నోరే.

"ఇంక దాచేది లేదు," అంది.

సూది రోజు వచ్చింది. డాక్టరు వెనకే మేనేజరు, చెల్లెలి నోటి మాట కోసం.

"ఏమైనా బాధగా ఉందా?" డాక్టరు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని అలవాటుగా అడిగాడు.

చెల్లెలు కత్తి దిమ్మ మీద పెట్టేసింది. "ఉంది. మా అక్క పోయింది. మీ మందుకి పోయిందో జబ్బుకి పోయిందో నాకు తెలీదు. నెత్తురు చూసుంటే మీకు తెలిసేది. మీరు చూడలేదు."

"నాకూ ఉంది!" పిన్ని నోరు బార్లా తెరిచింది. "చూడు! రుమాలు తీసి చూడు!"

"నాకు కళ్లు తిరుగుతున్నాయి." "నాకు రాత్రి కక్కులు." దిమ్మల మీద కత్తులు టపటపా పడ్డాయి. డాక్టరు వెనక్కి వెనక్కి నడిచాడు.

"తొట్లలో తోళ్లున్నాయే! తియ్యకపోతే కుళ్లిపోతాయి!" మేనేజరు అరిచాడు.

"కుళ్లనీ!" గేటు అవతల్నించి బావ గొంతు. వెనక వాళ్ల ఇళ్ల మగాళ్లంతా ఉన్నారు.

"బయటి డాక్టరు రావాలి," అంది చెల్లెలు. "అందరి నెత్తురూ చూడాలి. అక్క చావు మీద విచారణ జరగాలి. అందాకా ఒక్క తోలు పైకి రాదు."

పోలీసు జీపొచ్చింది. చెల్లెల్ని రెక్క పట్టి ఈడ్చుకుపోయారు. ఆమె దిమ్మ మీద సగం గీకిన తోలు మిగిలింది. పక్కామె చెయ్యి అలవాటు కొద్దీ దాని మీదికి పోయింది. ఆగింది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

మూడోనాడు పొద్దు వాలేసరికి తొట్లలో తోళ్లు కుళ్లి కంపు లేచింది. గేటు దాటింది, మేనేజరు బంగళా చుట్టుకుంది. అక్కడ కిటికీలన్నీ ధడాధడా మూశారు.

షెడ్డు వదలకుండా కూర్చున్న ఆడవాళ్లెవరూ ముక్కు మూసుకోలేదు.