నీళ్లలో బొమ్మ మనిషి

మా మావయ్య కొడుకు లక్ష్ముడు బావని పెళ్లి చేసుకోవడానికి నేను పెట్టిన షరతు ఒకటే. చిన్నప్పటి వీడియో గేములో పడవాట అతను గెలవాలి. భోజనాల దగ్గర పెళ్లికి ఒప్పుకోమని అందరూ కట్టగట్టుకుని నా మీద పడితే ఒళ్లు మండి అన్న మాట అది. మావయ్య నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"ఆదివారం సాయంత్రం దాకా సూస్తాను. ఆడు గెలవలేదంటే విశాఖపట్నం సంబంధమోలని రమ్మంటాను," అంది.

నాకు బెంగ లేదు. బావ గెలవడం కల్ల. ఆ ఆటలో రాళ్లు తప్పించుకుంటూ, టైము అయిపోయేలోగా పడవని రేవుకి చేర్చాలి. సగం దారిలో ఓ బొమ్మ మనిషి నీళ్లలోంచి చెయ్యూపుతుంటాడు. వాణ్ణి ఎక్కించుకుంటే పడవ బరువెక్కుతుంది, టైము చాలదు. శ్రీకాకుళం పిల్లలు వాణ్ణి చూడనట్టే పోయి గెలిచేసేవారు. కళింగపట్నంలో మా వీధి పిల్లలం మాత్రం పడవ తిప్పి ఓడిపోయేవాళ్లం. నీటిలో మనిషి కనబడితే వల కోసి పారేసైనా వెళ్లాలని మా పెద్దలు నేర్పారు మరి. ఓ వేసవిలో నేను విసుగెత్తి వాణ్ణి వదిలేసి గెలిచాను. బావ ఒక్కసారీ వదల్లేదు.

రెండువేల పద్నాలుగు ఎండాకాలం అది. సముద్రంలో చేపల వేట నిషేధం కావడంతో బావకి పని లేదు. అటక మీది గేము సెట్టు దించి, క్యాసెట్‌లో దుమ్ము ఊది, మా డబ్బా టీవీకి తగిలించాడు. రోజూ పొద్దున్నే వచ్చేవాడు. ఓడినప్పుడల్లా ఆ బొమ్మ మనిషితో, "కాస్త తిండి తగ్గించరా బాబూ," అని బతిమాలేవాడు. పక్క గదిలో నేను నవ్వాపుకోలేక చచ్చేదాన్ని.

ఒకరోజు రాలేదు. పడవ ఇంజను బాగుచేయించడానికి వెళ్లాడట. ఇల్లు బోసిపోయింది. ఊరికే అమ్మని కసురుకున్నాను. అప్పుడు తెలిసింది నాకు పట్టిన పిచ్చేమిటో. అతను గెలవాలని అతనికంటే నాకే ఎక్కువగా ఉంది. షరతు వద్దని చెప్పొచ్చు, కానీ నా మొండితనం ఊరంతా ఎరిగినదే. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఆదివారం సాయంత్రం అమ్మ ఫోను పట్టుకుని వసారాలో కూర్చుంది. లోపల బావ చెమటలు కక్కుతూ ఆడుతున్నాడు. ఎప్పుడూ లేనంత వేగంగా రాళ్లు దాటాడు. టైము బోలెడు మిగిలింది. బొమ్మ మనిషి కనబడ్డాడు.

"ఒగ్గీ బావా! ఆడికేసి సూడకు, బేగి ఎల్లిపో!"

"సెయ్యూపుతన్నాడే అరుణా."

"ఆడు బొమ్మ! కరెంటు పోతే ఆడూ పోతాడు."

"ఇప్పుడున్నాడు కదేటి."

పడవ తిప్పేశాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీకు నాను కావాలా, ఆడు కావాలా?"

"నువ్వే కావాలి. కానీ నువ్వు ఒడ్డు మీదున్నావు. ఆడు నీటిలో ఉన్నాడు."

టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు. రేవు ఎదురుగా కనబడుతుండగా టైము అయిపోయింది. బావ గేము రిమోటు కింద పెట్టి తల దించుకున్నాడు. అంత కోపం, అంత ప్రేమ ఒక్కసారే ఒక మనిషి మీద రావడం నాకు అదే మొదలు.

"ఏటే, ఏటైనాది? గెలిసినాడా?" వసారాలోంచి అమ్మ కేకేసింది.

చప్పున టీవీ కట్టేశాను.

"గెలిసీసినాడమ్మా!"

బావ తెల్లమొహం వేశాడు. "ఒసే, ఓడిపోనాను కదే!"

"నోరు మూసుకో. అమ్మ ఇంటే మల్లీ ఆడమంటాది."

అమ్మ అప్పటికే మావయ్యకి ఫోను కలుపుతోంది.