ముప్ఫయ్యో వారం వెనక పేజీ

నేను ఒక బైండు పుస్తకాన్ని. పుట్టుకతో పుస్తకాన్ని కాను. వారపత్రికలో యాభై రెండు వారాలు వచ్చిన సీరియల్‌ని. పెద్దాపురంలో అనసూయ అనే ఇల్లాలు పత్రిక చదవడం కాగానే పిన్నులు ఊడదీసి, నా పేజీలు మాత్రం పరుపు కింద దాచేది. మిగతావి పొట్లాలకి పోయేవి. ఏడాది తిరిగాక దస్తగిరి సాయిబు నన్ను దారంతో కుట్టి, మైలుతుత్తం కలిపిన మైదా జిగురు పూసి, ఎర్ర అట్ట వేశాడు. పురుగు పట్టదన్నాడు. పట్టలేదు. మనుషులు పట్టారు.

నన్ను రాసిన రచయిత్రికి ప్రతి ఇంట్లోనూ ఒక రహస్యం ఉండాలి. ప్రతి రహస్యానికీ పది వారాల ఏడుపుండాలి. నా కథలో అక్క, చెల్లెలి బిడ్డని తన బిడ్డగా పెంచుతుంది. వీధంతా కళ్ళొత్తుకుంటూ చదివింది. అనసూయకి కళ్ళొత్తుకునే తీరిక లేదు. ఆ కథ ఆవిడ ఇంట్లోనే నడుస్తోంది.

ఆవిడ చెల్లెలు విశాలికి పెళ్ళి కాకుండానే ఆడపిల్ల పుట్టింది. పిల్లల్లేని అనసూయ ఆ బిడ్డని పురిట్లోనే ఎత్తుకొచ్చి నీరజ అని పేరు పెట్టుకుంది. తరవాత విశాలికి పర్లాకిమిడి సంబంధం కుదిరింది. ఇంట్లో పెద్దవాళ్ళు నోళ్ళు కుట్టేసుకున్నారు. పరువంటే మనుషులకి అంతే, పిల్ల బతుకుని చాపకింద తోసి, చాప మీద భోజనానికి కూర్చుంటారు.

సీరియల్ నడుస్తుండగా అనసూయ ఆగలేక, ఆ పత్రికలోనే మీ సమస్యలు శీర్షికకి పేరు లేకుండా ఉత్తరం రాసింది. అది అచ్చయింది. ఎక్కడనుకున్నారు? నా ముప్ఫయ్యో వారం ఆఖరి పేజీకి వెనక.

“మా చెల్లెలి బిడ్డని నా బిడ్డగా పెంచుతున్నాను. తొమ్మిదేళ్ళు. నా కొంగు చూపుడువేలికి చుట్టుకుంటే గాని నిద్రపోదు. నిజం చెబితే నాది కాకుండా పోతుందేమో. చెప్పమంటారా?”

జవాబు పక్క పేజీలో పడింది. చెప్పెయ్యమనే రాశారు. అది అనసూయకి నచ్చలేదు. ఆ పేజీలో శనగపప్పు కట్టింది. ప్రశ్న మాత్రం కథ వెనక ఉండిపోయింది. చింపితే కథ పోతుంది.

నేను ఇల్లిల్లూ తిరిగాను. మూడో ఇంటి మాణిక్యం నన్ను తిరిగిస్తూ ఆ పేజీ తెరిచింది.

“చూశావా వదినా, ఎవత్తో గానీ! పెంచుకున్నదానివి నోరు మూసుకుని పెంచుకోక, పత్రికలకెక్కడం ఏమిటి?”

“అదే కదా వదినా,” అంది అనసూయ, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. ఆ రోజు రాళ్ళు గిన్నెలో పడ్డాయి, బియ్యం పెరట్లో పడ్డాయి.

నీరజకి పద్నాలుగేళ్ళప్పుడు వేసవి సెలవుల్లో నేను దొరికాను. ముప్ఫయ్యో వారం చదివింది. వెనక్కి తిప్పింది. ఆ చిన్న అక్షరాల మీద చాలాసేపు ఉండిపోయింది. తరవాత నన్ను మూసి, మధ్యాహ్నం నడుం వాల్చిన అనసూయ పక్కకి చేరి, కొంగు తీసి వేలికి చుట్టుకుంది. ఆ అలవాటు మానేసి నాలుగేళ్ళయింది.

“ఏమే, ఒంట్లో బాగోలేదా?”

“బానే ఉంది. పడుకో.”

మూడేళ్ళు ఆ పిల్ల నోరు విప్పలేదు. ఇంట్లో రహస్యం ఇప్పుడు రెండయింది.

ఆ తరవాత విశాలి వచ్చింది. భర్త పోయి ఏడాది. పిల్లల్లేరు. కాఫీ ముట్టుకోకుండా అంది, “ఇన్నాళ్ళూ నువ్వు పెంచావు అక్కా, కాదనను. ఇంక నా పిల్లని నాతో పంపు. నాకెవరున్నారు?”

అనసూయ ఉత్తరంలో రాసిన ఎనిమిదేళ్ళ కిందటి భయం ఎదురుగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

లోపల్నించి నీరజ వచ్చింది. “నాకు ఎప్పుడో తెలుసు పిన్నీ.”

విశాలి మొహం పాలిపోయింది. “తెలిసీ పిన్ని అంటావేమే?”

“మరేమనను? అమ్మ అక్కడ కూర్చుంది కదా.”

నీరజే వెళ్ళి విశాలి పక్కన కూర్చుంది. “సెలవులకి వస్తాను. నెలంతా ఉంటాను. విసిగిపోయి నువ్వే పంపించేస్తావు చూడు.”

విశాలి ఏడ్చింది. అనసూయ ఏడవలేదు. లేచి చల్లారిన కాఫీ తీసుకెళ్ళి, వేడిది కలిపి తెచ్చింది. “తాగవే,” అంది చెల్లెలితో. ఆ రోజుకి ఆవిడ అనగలిగింది అంతే.

నా కథలో మాత్రం అలా జరగలేదు. ఆఖరి వారంలో కన్నతల్లికి బిడ్డని అప్పజెప్పి, పెంచినతల్లిని గుండెజబ్బుతో చంపేసింది రచయిత్రి. పెంచినతల్లిని ఏం చెయ్యాలో తోచని రాతగాళ్ళు చేసే పనే అది. అనసూయ ఎనభై ఒక్కేళ్ళ దాకా బతికింది.

ఇప్పుడు నేను నీరజ బీరువాలో ఉన్నాను. అట్ట వెలిసింది, కుట్లు వదులయ్యాయి. ఆఖరి వారం పేజీలు లేవు. నీరజే చింపేసింది. దస్తగిరి కుట్టు గట్టిది, ఊరికే రాలేదు, రెండు చేతులతో లాగింది.

తరవాతేమైందని అడిగినవాళ్ళకి, “కథ అంతే,” అంటుంది.