అమ్మకు నయమైంది

నాచారంలో అద్దెకు గది దొరకడమంటే మాటలు కాదు. అందులోనూ ఆఫ్రికా పిల్లకు! తార్నాక దగ్గర యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదవడానికి టాంజానియా నుంచి వచ్చిన తుమైని, పద్నాలుగు గేట్ల ముందు నిలబడి పద్నాలుగుసార్లు "ఫ్యామిలీకే ఇస్తం" అనిపించుకుంది. పదిహేనో గేటు సక్కుబాయిది. ఆవిడ పిల్లను ఎగాదిగా చూసి, "వండుకుంటవా, బయట తింటవా?" అని ఒక్కటే అడిగి తాళంచెవి చేతిలో పెట్టింది.

సక్కుబాయి మంచి మనిషి. ఈ మాట ముందే చెప్పుకోవాలి, తర్వాత ఆవిడ మీద కోపం రావచ్చు.

తుమైని చాలా నేర్చుకుంది. గడప మీద కూర్చోకూడదు, దీపాలు పెట్టాక ఊడవకూడదు. వీటన్నిటికంటే పెద్దది జులైలో నేర్చుకుంది. కింది వాటాలో అద్దెకుండే రామస్వామి, మందుల కంపెనీలో పనిచేసేవాడు, గుండెపోటుతో ఆస్పత్రిలో పోయాడు. అంబులెన్సు వచ్చేసరికి సక్కుబాయి గేటుకు అడ్డంగా నిలబడింది. ఏడుస్తూనే నిలబడింది.

"లోపలికి వద్దు మల్లవ్వా. కిరాయిల్లు. బయటనే టెంటు ఏపిస్త."

వానలో, రోడ్డు మీద, టెంటు కింద మల్లవ్వ మొగుడి కాళ్ళు పట్టుకుని కూర్చుంది. ఆ సాయంత్రమే శవాన్ని ఊరికి తీసుకుపోయారు. దినాలయ్యాక కూడా ఆమె తిరిగి రాలేదు. సామాను మాత్రం ట్రాలీ ఆటోలో పోయింది.

"గిదేంది ఆంటీ?" అని తుమైని అడిగింది.

"కిరాయోళ్ల సావు ఇంట్లకు రావొద్దు బిడ్డా, ఇంటికి మంచిది గాదు. మీ ఊర్ల గిట్ల లేదా?"

లేదు. వాళ్ళ ఊళ్లో చావు కబురు వింటే గొంతెత్తి ఏడవాలి. ఆ ఏడుపు విని ఇరుగుపొరుగు వచ్చి కుర్చీలు బయట పెట్టేసి, నేలమీద చాపలు పరిచి, మూడు రోజులు పక్కనే పడుకుంటారు. ఎవరి ఇల్లని ఎవరూ అడగరు.

అక్టోబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ పోయింది. రేపే మట్టి చేస్తారు. విమానం ఎక్కినా అందదు.

తుమైని నోట్లో చున్నీ కుక్కుకుంది. చావు ఏడుపు కిందికి వినబడితే ఈ గది పోతుంది; పోతే మళ్ళీ గేటు గేటుకూ తిరగాలి. వీసా కాగితాల్లో ఉన్నదీ ఈ అడ్రసే. పరీక్షలు పదిరోజుల్లో. స్నానాలగదిలో నల్లా తిప్పి, నీళ్ళ చప్పుడులో ఏడ్చింది. అది చాలలేదు. బస్సెక్కి ఉప్పల్ చౌరస్తాకు పోయి, హారన్ల మోతలో నిలబడి గొంతు వదిలింది. ఒకాయన ఆటో ఆపి, "ఏమైందక్కా, ఫోను కొట్టేసిన్రా?" అన్నాడు.

"ఏం లేదన్నా."

ఇంత పెద్ద ఊళ్లో తల్లి కోసం ఏడవడానికి చోటే లేదా అని ఆమెకు కడుపు మండిపోయింది.

తిరిగొచ్చేసరికి సక్కుబాయి గేటు దగ్గరే ఉంది. వాచిన కళ్ళు దాగుతాయా?

"ఏందే బిడ్డా, మొకం గట్లున్నది?"

"అమ్మకు... బాగలేదు ఆంటీ."

"అయ్యో! దవాఖానల ఏసిన్రా?" తుమైని తలూపింది. "ఫికర్ జేయకు. రేపు యాదగిరిగుట్టకు పోతున్న. మీ అమ్మ పేరు మీద అర్చన జేపిస్త. పేరేంది?"

"అగాత."

"గోత్రం? మీకుండదు గదా. మాదే చెప్త తియ్యి."

తుమైని అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచింది కూడా. సక్కుబాయి వెనక మల్లవ్వ వాటాకు వేలాడుతున్న తాళం కనిపించి, మళ్ళీ మూసుకుంది.

మర్నాడు అక్కడ తమ్ముడు అమ్మ మీద మట్టి వేశాడు. ఇక్కడ గుట్ట మీద పూజారి ఆమె ఆయురారోగ్యాల కోసం మంత్రం చదివాడు.

సాయంత్రం సక్కుబాయి మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "పంతులుకు మీ అమ్మ పేరు నోరు తిరగలే. నేనే రెండుసార్లు చెప్పిన," అంటూ ప్రసాదం పులిహోర తుమైని చేతిలో పెట్టింది. "తిను. నువ్వు తింటే మీ అమ్మ తిన్నట్టే."

ఆవిడ ఎదురుగా నిలబడి చూస్తోంది. తుమైని తింది.

"ఇప్పుడెట్లున్నదంట?"

ఈ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అమ్మ బతికే ఉండాలని తుమైనికి అప్పుడు అర్థమైంది. నోట్లో ముద్ద మింగింది.

"తక్కువైంది ఆంటీ."

"నేను జెప్పలే!" సక్కుబాయికి కళ్ళనీళ్ళు తిరిగాయి. పిల్ల తల మీద చెయ్యి పెట్టి, జుట్టంతా నిమిరింది. "రేపు ఫోను కలుపు బిడ్డా. నేను గూడ జర మాట్లాడ్త."

"సరే ఆంటీ," అంది తుమైని.