పై సొరుగు

“రోజూ ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు గీసేది ఇదేగా, మనింటికీ ఒకటి గీసి పారేద్దూ,” అన్నాడు భర్త, నోటినిండా పేస్టు నురుగుతో. పాత వాష్‌బేసిన్ పగిలి కింద ఎప్పుడూ తడి కారుతోంది. ఎలాగూ బాత్‌రూమ్ గోడలకు కొత్త టైల్స్ వేయిస్తున్నారు కాబట్టి, బేసిన్ కూడా మార్చి దాని కింద ఓ చెక్క అలమార చేయించాలన్న మాట అప్పుడే పుట్టింది. నేలమీది నీళ్ళను గుడ్డతో ఒత్తి తీస్తూ ఆమె సరేనంది. గీసి పారెయ్యడం అన్న మాట చెవిన పడింది గానీ మనసుదాకా వెళ్ళడానికి కాస్త సమయం పట్టింది. ఆ రోజు ఆఫీసుకు వెళ్ళే బస్సులో, కిటికీ పక్కన కూర్చున్నాక వెళ్ళింది.

ఆమె పనిచేసేది ఇళ్ళకు అలమారలు చేసిచ్చే దుకాణంలో. వెనక షెడ్డులో చెక్కలు కోస్తారు. ముందు అద్దాల గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆమె డిజైన్లు గీస్తుంది. ఇళ్ళకు వెళ్ళి కొలతలు తీసేదీ, పైపు ఎక్కడ అడ్డొస్తుందో, తలుపు తెరిస్తే దేనికి తగులుతుందో కనిపెట్టేదీ ఆమే. తీరా గీసింది చూపించే వేళకు మేనేజరు ముందుకొచ్చి, “మేం ఇలా ఆలోచించాం సార్,” అంటాడు. ఆ ‘మేం’లో తను ఏ మూల ఉందో ఆమెకు ఎప్పుడూ అంతుబట్టలేదు. ఒకసారి ఎవరో డిజైన్ చాలా బాగుందంటే, “మా అమ్మాయి గీస్తుందండీ,” అని ఆమె వైపు చెయ్యి ఊపాడు. అప్పటికే ఆమెకు కళ్ళజోడు వచ్చింది, పాపిట్లో నెరుపు వచ్చింది, ఆ మేనేజరుకు పని నేర్పింది కూడా తనే.

ఇంట్లో బాత్‌రూమ్ అగ్గిపెట్టెంత. తలుపు లోపలికి తెరుచుకుంటుంది, ఇద్దరు నిలబడితే ఒకరు గోడకు అతుక్కోవాల్సిందే. ఆమె టేపు పట్టుకుని కొలుస్తుంటే ఒక్కొక్కరే గుమ్మంలో నిలబడి తమ అవసరాలు చెప్పుకున్నారు. భర్తకు షేవింగు సామాను, జుట్టుకు వేసుకునే రంగు, సెంటు సీసాలు. పై సొరుగు తనకే కావాలన్నాడు, పొద్దున్నే హడావిడిలో వంగలేడట. కూతురు హెయిర్‌డ్రయ్యరుకూ, పేర్లు కూడా పలకలేని క్రీములకూ చోటడిగింది. అత్తగారు తన పళ్ళసెట్టు డబ్బా, మోకాళ్ళ నూనె, మందులు చెప్పి, “నాదేముందమ్మా, అందరికీ అయ్యాక ఏది మిగిలితే అది,” అంది. అని, మందుల సీసా ఎంత పొడుగుంటుందో చేత్తో రెండుసార్లు చూపించింది.

నీకేం కావాలని ఎవరూ అడగలేదు. అడగలేదని ఆమెకూ తట్టలేదు. ఆమె సబ్బు, దువ్వెన కిటికీ గట్టు మీద ఒక ప్లాస్టిక్ బుట్టలో ఉంటాయి. కిటికీ తెరవాలంటే ఆ బుట్టను ఎవరో ఒకరు కింద పెడతారు, మళ్ళీ పైన పెట్టేది మాత్రం ఆమే. మిగతావి ఇల్లంతా చెల్లాచెదురుగా ఉంటాయి. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఆమె ప్యాకెట్టును రెండువేళ్ళతో పట్టుకొచ్చి, “ఆడదాని సామాను నలుగురి కళ్ళా పడకూడదమ్మా,” అంది, కోపంగా కాదు, ఏదో మంచి విషయం నేర్పుతున్నట్టు. అప్పటినుంచీ అవి బీరువాలో బట్టల మడతల మధ్యకు వెళ్ళాయి. ఈమధ్య ఒళ్ళు ఉన్నట్టుండి ఆవిర్లు కమ్ముతోందని డాక్టరమ్మ రాసిచ్చిన మాత్రలు వంటింట్లో డబ్బాల వెనక ఉన్నాయి. మోచేతి దురదకు రాసే మందు హ్యాండ్‌బ్యాగులో ఉంది. తన ఒంటికి కావాల్సినవన్నీ తన ఇంట్లోనే తలో చోటా తలదాచుకుంటున్నాయి.

అడిగినవన్నీ పట్టేలా గీసేసరికి నిజంగానే ఆమెకు చోటు మిగల్లేదు. కానీ పనితనం ఊరుకుంటుందా! అలమార అడుగున, నిలబడినప్పుడు పాదాలు దూరడానికి వదిలే బోలు జాగా ఉంటుంది కదా, అక్కడ ఒక పల్చటి సొరుగు పెట్టింది. పిడి ఉండదు, కాలి బొటనవేలితో నొక్కితే బయటికి వస్తుంది. మూసేస్తే అక్కడ సొరుగుందని దేవుడికి కూడా తెలియదు. తన తెలివికి తనే మురిసిపోయి ఆ డిజైన్ రెండు రోజులు అలాగే చూసుకుంది.

మూడోరోజు షోరూముకు ఒక జంట వచ్చింది. ఆయన మేనేజరుతో మాట్లాడుతున్నాడు, ఆవిడ పక్కన కూర్చుని చెక్కకు అంటించే లామినేట్ నమూనా ముక్కల మీద వేళ్ళు రాస్తోంది. వాళ్ళదీ బాత్‌రూమ్ పనే. లోపల ఏమేం పెట్టుకుంటారో తెలిస్తే గానీ కొలతలు తేలవు కాబట్టి, ఆమె ఎప్పటిలాగే ఆవిణ్ణి అడిగింది. ఆయనవీ పిల్లలవీ ఆవిడ గడగడా చెప్పింది.

“మరి మీవి?”

“నావేముంటాయండీ. ఎక్కడో ఒకచోట సర్దుకుంటాను.”

ఆ ముక్క అచ్చం తన గొంతులోంచే వచ్చినట్టనిపించింది ఆమెకు. మామూలుగా అయితే తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయేది. ఆ రోజు వెళ్ళలేకపోయింది.

“ఎక్కడో ఒకచోట అంటే, ఎక్కడండీ?”

ఆవిడ నవ్వింది. నవ్వు సగంలో ఆగింది. భర్త వైపు ఒకసారి చూసి, మళ్ళీ లామినేట్ ముక్క వైపే చూస్తూ, “తలగడ గలీబులో,” అంది.

పక్కన ఆయన మాట్లాడుతున్నవాడల్లా ఆగిపోయాడు. “గలీబులో ఏంటి? ఏముంటాయి?” అన్నాడు. మేనేజరు కల్పించుకుని టీ తెప్పిస్తానన్నాడు. ఆమె మాత్రం ఆ జంట వెళ్ళేలోగా ఆవిడ సొరుగు ఎక్కడుండాలో ఆవిడతోనే గీయించింది, పెన్సిలు చేతికిచ్చి మరీ. ఆవిడ గీసిన గీత వంకరగా, భయం భయంగా ఉంది. ఆ గీతనే ఆమె డిజైన్‌లో ఉంచింది.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక తన ఇంటి డిజైన్ తెరిచింది. అడుగున ఉన్న ఆ దొంగ సొరుగు కనిపించింది. అందులోంచి ఏదైనా తియ్యాలంటే ఎవరూ చూడకుండా, మోకాళ్ళ మీద కూర్చోవాలి. తనవి కంటపడకుండా దాచడం అనే, ఎన్నాళ్ళుగానో అందరూ కలిసి చేసిన పనే ఇప్పుడు తను ఒక్కతే, ఎవరూ చెప్పకుండానే, ఇంత నున్నగా చేసిపెట్టిందే అనుకుంది. కోపం రాలేదు. ఆ సొరుగు చెరిపేసింది. బేసిన్‌ను ఎడమకు జరిపింది. అప్పుడు పైపు కూడా ఎడమకు పోయి, కుడివైపు మూడు సొరుగులకు నిండైన లోతు దొరికింది. పైది, నిలబడితే చేతికి సరిగ్గా అందేది, తన పేరున రాసుకుంది. రెండోది భర్తకు, మూడోది అత్తగారికి, బేసిన్ కింది అర కూతురికి.

చెక్కలు షెడ్డులోనే కోయించింది గానీ బిగించడానికి మనిషిని పిలవనంది. ఎన్నో అలమారలు గీసింది, ఒక్కటీ తన చేతులతో నిలబెట్టలేదు. “నీకెందుకే ఈ గోల?” అన్న భర్తే, సెలవు రోజు పొద్దున ఆమె డ్రిల్లు తిప్పుతుంటే కాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత లోపలికొచ్చి టార్చి పట్టుకున్నాడు. నీళ్ళు పోవడానికి నేల ఒక పక్కకు వాలి ఉంటే, అలమార కాలొకదాని కింద చెక్కముక్క పెట్టి మట్టం చేసింది. సొరుగు జారే ఇనప చానల్ ఒకటి తిరగేసి బిగించి, తిట్టుకుని, విప్పి మళ్ళీ బిగించింది. ఆఖరికి మూడు సొరుగులూ చప్పుడు లేకుండా లోపలికి జారిపోతే, ఆమెకు తెలియకుండానే పెదాల మీద నవ్వొచ్చింది. “బాగానే వచ్చిందే,” అన్నాడు భర్త. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు.

అని, షేవింగు డబ్బా తెచ్చి పై సొరుగు లాగాడు.

“అది నాదండీ. మీది రెండోది.”

అతను నవ్వాడు. “బాత్‌రూమ్‌లో కూడా నీదీ నాదీ ఏంటి? అంతా మనదేగా.”

“అంతా మనదే. అందులో ఇది నాది.”

“అంటే రోజూ నేను వంగాలా?”

“కాస్త.”

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అతను ఏదో ఒకటి అని గెలిచేవాడే. ఆమె నిమ్మళంగా బీరువాలోంచి, వంటింట్లోంచి, హ్యాండ్‌బ్యాగులోంచి తనవన్నీ తెచ్చి సొరుగులో పేర్చింది. ప్యాకెట్టుకు కాగితం చుట్టలేదు. అతను షేవింగు డబ్బాను బేసిన్ పక్కనే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ డబ్బా అక్కడే తడుస్తూ కొన్నాళ్ళుంది. ఆమె దాన్ని చూసేది, చుట్టూ తుడిచేది, ఎత్తి లోపల పెట్టేది కాదు. చెయ్యి ఊరుకునేది కాదు గానీ ఊరుకోబెట్టింది. ఒక పొద్దున చూస్తే డబ్బా లేదు, రెండో సొరుగులో ఉంది.

అత్తగారికి మాత్రం ఈ వ్యవహారం మింగుడుపడలేదు. సొరుగు ఎవరైనా తెరిస్తే ఎంత అప్రదిష్ట అని మనవరాలితో గొణిగింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఆమె హాల్లో కూర్చుని ఎవరి ఇంటి డిజైనో దిద్దుకుంటుంటే, అత్తగారు మెల్లగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

“అమ్మాయ్, మూడో సొరుగు నాదన్నావు కదూ?”

“మీదే అత్తయ్యా.”

“అబ్బాయి తన రంగు సీసాలన్నీ అందులో కుక్కాడు. నా పళ్ళడబ్బా వెనక్కి పోయింది, పొద్దున తడుముకోవాల్సొచ్చింది.” కొంగు సర్దుకుని, “నువ్వు వాడికి చెప్పు,” అంది.

చెప్పడం ఆమెకు కష్టమేం కాదు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పెద్దావిడ మొహంలో, అడగలేక అడుగుతున్న ఆ సిగ్గును చూసి ఆగింది.

“మీరే చెప్పండి.”

అత్తగారు ఆమె వైపు వింతగా చూసింది. ఎప్పుడో మరిచిపోయిన పనేదో గుర్తుచేసినట్టు. మోకాళ్ళ మీద చేతులు వేసి, లేచి, గోడ పట్టుకుంటూ బాత్‌రూమ్ వైపు నడిచింది. సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. ఒకదాని తర్వాత ఒకటి సీసాలు బేసిన్ పక్కనున్న రాతి పలక మీద పెడుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఆవిడ గొంతు.

“ఒరేయ్, ఒకసారి ఇలా రా. ఇవి నీవి. ఇది నా సొరుగు.”

ఇంట్లో ఎవరు పిలిచినా లేచే అలవాటున, ఆమె పెన్సిలు పక్కన పెట్టి కుర్చీలోంచి సగం లేచింది. పిలిచింది తనను కాదని తెలిసి, మళ్ళీ కూర్చుంది.