అరువు పొట్టేలు

భర్త పోయిన దగ్గర్నుంచీ అక్కకు తమ్ముడితో ఒకటే పోరు. "మందను నువ్వేం సాకుతావు, నా మందలో కలిపెయ్" అని చెవినిల్లు కట్టుకున్నాడు. విసిగిపోయి ఆవిడే మాటిచ్చింది: ఈసారి గొర్రెలు చూడి కట్టకపోతే మంద నీదే, కడితే మళ్లీ ఆ ఊసెత్తకు.

ఇక చూడాలి ఆవిడ పట్టుదల! గొర్రెలన్నీ ఒకేసారి ఎదకు రావాలని, పశువుల డాక్టరమ్మ చేత హార్మోను మందున్న స్పాంజీలు వాటి యోనిలో పెట్టించింది. గడువు తీరాక అవి తీయించి ఇంజెక్షన్లు వేయించింది. ఇక కావలసింది మంచి పొట్టేలు. అదీ తమ్ముడే తోలుకొచ్చాడు.

"పందెం పందెమే, అక్క అక్కే. నా మందలో దీన్ని మించింది లేదు, ఉంచుకో."

తోడబుట్టినవాడంటే వీడూ అనుకుని అక్క కళ్లు తుడుచుకుంది.

పొట్టేలు రొమ్ముకు ఎర్రరంగు పూసి వదిలారు. అది ఎక్కిన గొర్రెల నడుములన్నీ ఎర్రబడ్డాయి. కొన్నాళ్లకు మళ్లీ ఎర్రబడ్డాయి. మళ్లీ రంగు పడిందంటే చూడి నిలవలేదని అర్థం. ఆ లెక్కలన్నీ భర్తే చూసుకునేవాడు. పిచ్చిది, పొట్టేలు భలే హుషారైందని మురిసిపోయింది.

స్కానింగు చేస్తున్నకొద్దీ డాక్టరమ్మ మొహం వాడిపోయింది.

"ఒక్కటీ కట్టలేదమ్మా."

"నేను ముందే చెప్పలా? ఇది నీవల్ల అయ్యే పని కాదక్కా," అన్నాడు తమ్ముడు.

డాక్టరమ్మ ఊరుకోలేదు. పొట్టేలును పట్టించి వృషణాల పైన తడిమింది.

"ఈ కుట్టు నేను వేసిందే. ఎదకొచ్చిన గొర్రెల్ని కనిపెట్టడానికి దీనికి ఆపరేషన్ చేశాను. ఎక్కుతుంది గానీ చూడి కట్టించలేదు. ఆరోజు దీన్ని పట్టుకున్నది మీ తమ్ముడేగా!"

తమ్ముడు నేలచూపులు చూశాడు.

"నీ మేలు కోరే చేశానక్కా..." అని నసిగాడు.

"నోర్ముయ్!" దొడ్డి అదిరిపోయేలా అరిచింది. ఆ వెంటనే దొడ్డి గుంజ పట్టుకుంది. "ఓడినా నీ పంచకే కదా వచ్చేది, నా తమ్ముడేగా అని గుండె నిబ్బరంగా ఉన్నానురా. ఇక ఎవరున్నారని బతకను?"

డాక్టరమ్మ తల పక్కకు తిప్పుకుంది. అక్క కొంగు నోట్లో కుక్కుకుని, గొర్రెల మధ్యనే కూలబడి ఏడ్చింది.